ఆఫీసు సిస్టమ్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్: ఏది వేసుకోవచ్చు, ఏది వద్దు

మార్చి నెలాఖరు, రిటర్నుల హడావుడి. హిమాయత్‌నగర్‌లోని ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఫోన్ చేసిన ఆయన గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. వాళ్ల ఆఫీసు మెయిల్ నుంచి ఇద్దరు క్లయింట్లకు "మా బ్యాంకు ఖాతా మారింది, ఫీజు ఈ కొత్త ఖాతాలో వేయండి" అని వెళ్లింది. అది ఆయన పంపిన మెయిల్ కాదు. ఒక క్లయింటు అప్పటికే డబ్బు వేసేశాడు.

వెళ్లి చూస్తే, ముందు గదిలో కూర్చునే కుర్రాడు రెండు రోజుల క్రితం పీడీఎఫ్ సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడు. ఫైలు పెద్దదై పోర్టల్‌లో ఎక్కడం లేదు, గడువు దగ్గర పడుతోంది. గూగుల్‌లో వెతికి, అన్నిటికన్నా పైన కనిపించిన లింకు నొక్కాడు. అది డబ్బు కట్టి పెట్టించిన ప్రకటన అని అతనికి తెలియదు. "ఫ్రీ అని రాసి ఉందన్నా, అందుకే వేసిన" అన్నాడు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఆ రెండు రోజుల్లోనే పోయాయి. ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. ఏది వేయొచ్చో, ఏది వేయకూడదో ఆ ఆఫీసులో అతనికి ఎవరూ చెప్పలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

## ధర కన్నా ముందు చూడాల్సినవి

"ఫ్రీ సాఫ్ట్‌వేర్ మంచిదా, కాదా?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఫ్రీ అనే ఒక్క మాట కింద నాలుగు రకాల సరుకు నడుస్తోంది. ఒకటి దొంగది, ఒకటి ఎవరిదో తెలియనిది, ఒకటి అందరి కళ్ల ముందు తయారయ్యేది, ఇంకొకటి పెద్ద కంపెనీ కొంతవరకు ఊరికే ఇచ్చేది. ఐదోది మనం డబ్బు పెట్టి కొనేది. ఏది చేతికి వచ్చినా నేను అడిగే ప్రశ్నలు మాత్రం అవే.

దీన్ని ఎవరు తయారు చేశారు? పేరు, సొంత వెబ్‌సైటు, పాత వెర్షన్ల చరిత్ర కనిపించాలి. కనిపించకపోతే అక్కడితో ఆపేయండి.

మన దగ్గరికి ఏ దారిన వచ్చింది? నా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ మంచిదే అయినా, వచ్చిన దారి చెడ్డదైతే ఫలితం చెడ్డదే. 2015లో జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఇలాగే జరిగింది. జింప్ నిఖార్సైనదే. కానీ సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైటు జింప్ విండోస్ పేజీని తన చేతిలోకి తీసుకుని, ఇన్‌స్టాలర్‌కు వేరే సరుకు తగిలించి ఇస్తోందని జింప్ బృందం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది ఆ సైటు యాజమాన్యం మారింది, ఆ పద్ధతి ఆగింది. నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో మాత్రం ఇలా దారిలో తగిలించిన సరుకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

రేపు లోపం బయటపడితే సరిచేసేది ఎవరు? 2017 మే నెలలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని సిస్టమ్‌లే దెబ్బతిన్నాయి. అందుకే అప్‌డేట్ రాని సాఫ్ట్‌వేర్ ఎంత బాగా పనిచేస్తున్నా ఆఫీసుకు పనికిరాదు.

ఆఫీసులో వాడుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుందా? ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, వ్యాపారానికి కాదు అనే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి.

ఇక ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది ఏం అడుగుతోంది? పీడీఎఫ్ చిన్నది చేసే సాఫ్ట్‌వేర్ యాంటీవైరస్ ఆపమంటే, అక్కడే కాన్సిల్ నొక్కాలి.

## క్రాక్: ఖర్చు కనిపించదు, అంతే

అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నప్పుడు "విండోస్, ఆఫీస్, ఫొటోషాప్ అన్నీ ఎక్కించి ఇస్తాం" అనే మాట నగరంలో చాలామంది వినే ఉంటారు. పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలా ఎక్కించాను. ఆ పని ఇప్పుడు చేయను. కారణాలు చెబుతాను.

క్రాక్ అంటే, కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా నడిపించే దొంగ ఫైలు. ఏ క్రాక్ తీసుకున్నా, దానితో వచ్చే సూచనల్లో మొదటి లైను దాదాపు ఒకటే ఉంటుంది: "యాంటీవైరస్ ఆఫ్ చేయండి". వాచ్‌మన్‌ను ఇంటికి పంపించి, ఎవరో తెలియని మనిషికి తాళం చెవి ఇవ్వడం ఇది. తర్వాత ఆ ఫైలుకు అడ్మిన్ అనుమతి, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చే అధికారం కూడా మనమే ఇస్తాం. లోపల విండోస్ యాక్టివేట్ చేసే కోడ్ ఒక్కటే ఉందా, ఇంకేమైనా ఉందా అనేది మనకు తెలిసే మార్గం లేదు.

ఇంకేదో ఉన్న సందర్భాలు చాలానే బయటపడ్డాయి. 2021 చివర్లో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ, కేఎంఎస్‌పికో అనే విండోస్ క్రాక్ పేరుతో తిరుగుతున్న ఇన్‌స్టాలర్లలో పాస్‌వర్డులు దొంగిలించే క్రిప్ట్‌బాట్ ఉందని చూపించింది. స్టాప్ లేదా జేవు అని పిలిచే ర్యాన్సమ్‌వేర్ అయితే ముఖ్యంగా క్రాకులు, కీ జనరేటర్ల ద్వారానే వ్యాపించింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు అడిగేది, 72 గంటల్లో కడితే సగానికి, అంటే 490 డాలర్లకు వదిలేస్తాననేది. 2019లో ఎమ్సీసాఫ్ట్ సంస్థ దాని పాత రకాలకు విరుగుడు ఉచితంగా ఇచ్చింది. తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి అది పనిచేయదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 63బి ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష వేయకపోవచ్చు. ఆఫీసులో వాడినవాళ్లు ఆ మాట ఎలా చెప్పగలరు?

ఏ వ్యాపారానికీ ఇది వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

## వెతికితే దొరికిన ఫ్రీవేర్: కుర్రాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే

క్రాక్ వేసేవాడికి తను తప్పు చేస్తున్నానని లోపల తెలుసు. ఇక్కడ ఆ సంగతే తెలియదు. పీడీఎఫ్ కన్వర్టర్, డ్రైవర్ అప్‌డేటర్, స్క్రీన్ రికార్డర్, పోయిన ఫోటోలు తెచ్చేది, ఇలా ప్రతిదానికీ పదుల కొద్దీ సైట్లు ఉన్నాయి. వాటిలో కొన్ని మంచివే. కొన్ని మొదట్లో మంచిగా ఉండి తర్వాత చేతులు మారినవి. కొన్ని మొదటి నుంచీ వల వేసినవే.

అసలు సైటును పోలిన నకిలీ సైట్లది ఇంకో బాధ. 2023 అక్టోబరులో కీపాస్ అనే పాస్‌వర్డు మేనేజర్ పేరుతో గూగుల్ ప్రకటనల్లో ఒక నకిలీ సైటు వచ్చింది. అడ్రసులో ఒక అక్షరం కింద చుక్కలాంటి గుర్తు తప్ప తేడా లేదు. మామూలు కంటికి అది స్క్రీన్ మీద దుమ్ము అనిపిస్తుంది. అందుకే నేను చూసుకునే ఆఫీసుల్లో ఒకటే నియమం పెట్టాను: సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు. పనికొచ్చే సైట్ల అడ్రసులు ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించాను, బ్రౌజర్‌లో బుక్‌మార్కులు పెట్టాను.

ఆ హిమాయత్‌నగర్ కుర్రాడికి అసలు ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు. స్కానర్ సెట్టింగులో బొమ్మ ఎంత వివరంగా రావాలో చెప్పే డీపీఐ అనే అంకె 600 ఉంది. దాన్ని 150కి దించి, కలర్ తీసేసి నలుపు తెలుపులో స్కాన్ చేస్తే అదే కాగితం చాలా చిన్న ఫైలు అవుతుంది.

## స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: చిన్న ఆఫీసుకు నా మొదటి ఎంపిక

వర్డ్, ఎక్సెల్ పనులకు లిబ్రెఆఫీస్, జిప్ ఫైళ్లకు సెవెన్-జిప్, వీడియోలకు వీఎల్‌సీ, ఫొటోలకు జింప్, డిజైన్లకు ఇంక్‌స్కేప్, మెయిల్‌కు థండర్‌బర్డ్, పీడీఎఫ్‌లు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌సామ్ బేసిక్. వీటి కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఆఫీసులో వాడుకోవడానికి లైసెన్సు అడ్డు చెప్పదు. ఎన్ని సిస్టమ్‌లలో వేసినా డబ్బు అడిగేవాళ్లు లేరు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా ఈ ఉద్యమాన్ని తెలుగువాళ్ల మధ్యకు తెస్తోంది. ఊరికే వచ్చేది, స్వేచ్ఛనిచ్చేది ఒకటి కాదని నాకు మొదట అర్థమైంది వాళ్ల మాటల వల్లే.

ఇబ్బందులు లేవని చెప్పను. ఎక్సెల్‌లో మాక్రోలు (పనిని తనంతట చేసే చిన్న ప్రోగ్రాములు) రాసుకున్న షీటు లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అన్నీ నడవకపోవచ్చు. వర్డ్‌లో చేసిన లెటర్‌హెడ్ కాస్త జరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకే మెనూకు అలవాటు పడ్డ అకౌంటెంట్‌కు మొదటి వారం చిరాకు. రెండు వారాలు ఓపిక పట్టండి.

కోడ్ బయట ఉంటే చాలు, భద్రత తనంతట వస్తుందనుకోవడమూ పొరపాటే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే లినక్స్ భాగంలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎవరో రహస్య దారి పెట్టారని తేలింది. ఆ మనిషి రెండేళ్లకు పైగా మంచి సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, ఆ తర్వాత ఈ పని చేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, అలా. దాన్ని కనిపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయన తవ్వుకుంటూ పోయాడు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టే తవ్వగలిగాడు, అది ఎక్కువ సిస్టమ్‌లకు చేరకముందే దొరికింది.

## పెద్ద కంపెనీల ఉచిత ప్లాన్లు

గూగుల్ డాక్స్ లాంటివి బ్రౌజర్‌లోనే నడుస్తాయి. ఇన్‌స్టాల్ లేదు కాబట్టి ఇన్‌స్టాలర్‌తో వచ్చే ప్రమాదమూ లేదు. వీటిలో రెండు చిక్కులు ఉన్నాయి. ఆఫీసు లెక్కలన్నీ ఒక ఉద్యోగి సొంత జీమెయిల్‌లో ఉంటే, అతను మానేసిన రోజు లెక్కలు కూడా వెళ్లిపోతాయి. రెండోది, ఆన్‌లైన్‌లో పీడీఎఫ్ మార్చే సైట్లలో క్లయింటు ఆధార్, పాన్ కాపీలు ఎక్కించడం. ఆ కాగితాలు మనవి కావు, మనల్ని నమ్మి ఇచ్చినవి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, తగిన భద్రత పాటించని సంస్థకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని రాసి ఉంది.

"ఉచితం" అని ఉన్నా వ్యాపారానికి చెల్లనివి ఈ కోవలోనే చూడాలి. దూరంగా ఉన్న సిస్టమ్‌ను ఇక్కడి నుంచి నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఉచిత వెర్షన్లు సొంత వాడకానికే. జిప్, రార్ ఫైళ్లు తెరిచే విన్‌రార్ 40 రోజుల ట్రయల్. పైగా అది తనంతట అప్‌డేట్ కాదు. 2023లో బయటపడ్డ లోపాన్ని 6.23 వెర్షన్‌లో సరిచేశారు, కానీ వెళ్లి వేసుకోవాల్సింది మనమే. సెవెన్-జిప్ అదే పని ఉచితంగా చేస్తుంది, కాకపోతే దాన్నీ అప్పుడప్పుడు మనమే వెళ్లి కొత్తది వేసుకోవాలి.

## లైసెన్సు కొనడం

డబ్బు కట్టాక అడిగే హక్కు వస్తుంది. అప్‌డేట్లు వస్తాయి, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు. నన్నడిగితే, డబ్బు పెట్టి కొనేవాటిలో అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు మొదటి స్థానం ఇవ్వండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఎవరూ ఆపలేకుండా ఉండాలి అని నియమం ఉంది. పాత ట్యాలీ క్రాక్‌తో ఆ నియమం ఎలా తీరుతుంది? ట్యాలీ నేర్చుకోవడానికి ఎడ్యుకేషన్ మోడ్ ఉచితంగానే ఉంది. అందులో నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే పడతాయి, వ్యాపారానికి సరిపోదు.

నాలుగైదు వందలకు దొరికే విండోస్ కీలను మాత్రం కొనడం అనకండి. అవి ఎక్కడివో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు.

అసలు కంపెనీ నుంచే తెచ్చుకున్నది కూడా ఒక్కోసారి చెడవచ్చు. 2017లో సిస్టమ్‌లో చెత్త ఫైళ్లు తీసే సీక్లీనర్ 5.33 వెర్షన్ అసలు కంపెనీ సర్వర్ నుంచే, అసలు డిజిటల్ సంతకంతోనే, లోపల మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్)తో వచ్చింది. దాదాపు 22 లక్షల 70 వేల మంది దాన్ని వేసుకున్నారు. మంచి దారిలో వచ్చినా బ్యాకప్ తప్పదని నేను పట్టుబట్టేది అందుకే.

| ఏది | తయారీదారు తెలుసా | అప్‌డేట్లు | ఆఫీసులో చెల్లుతుందా | నా మాట |
|---|---|---|---|---|
| క్రాక్ | తెలియదు | రావు, లేదా ఆపేసి ఉంటాయి | చెల్లదు, నేరం | ఏ పరిస్థితిలోనూ వద్దు |
| వెతికితే దొరికిన ఫ్రీవేర్ | తరచుగా తెలియదు | నమ్మకం లేదు | చదివితే కానీ తెలియదు | అసలు సైటు దొరికితేనే |
| స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ | తెలుసు | వస్తాయి, కొన్ని మనమే వేసుకోవాలి | చెల్లుతుంది | ముందు దీన్నే చూడండి |
| కంపెనీల ఉచిత ప్లాన్ | తెలుసు | వాళ్లే చూసుకుంటారు | కొన్ని చెల్లవు | క్లయింటు కాగితాలు ఎక్కించే ముందు ఆలోచించండి |
| కొన్న లైసెన్సు | తెలుసు | వస్తాయి | చెల్లుతుంది | అకౌంట్లకు, విండోస్‌కు |

## మీది ఏ పని?

చిక్కడపల్లిలో డీటీపీ, ప్రింటింగ్. అన్నిటికన్నా కష్టమైన స్థితి వీళ్లది. పని అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ కాని పాత అను తెలుగు ఫాంట్లలో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త పెద్ద వెర్షన్ రాలేదు. దాని కోసం కొందరు ఇప్పటికీ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంచుకున్నారు. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి. పైగా రోజంతా తెలియనివాళ్ల పెన్‌డ్రైవులు గుచ్చుతూ ఉండాలి. వాళ్లకు "అంతా తీసేయండి" అని నేను చెప్పలేను, పాత శుభలేఖలు, పుస్తకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాత సిస్టమ్‌కు ఇంటర్నెట్ వైరు తీసేయండి. కస్టమర్ల పెన్‌డ్రైవులు పెట్టడానికి, వాట్సాప్ తెరవడానికి వేరే సిస్టమ్ ఒకటి ఉంచండి. కొత్త పనులు మెల్లగా యూనికోడ్‌లోకి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి తెచ్చుకోండి. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, అచ్చుకూ వాడుకోవచ్చు. పేజీలు కూర్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. పేజ్‌మేకర్ అంత వేగంగా చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది. అయినా మొదలుపెట్టాలి.

సీఏ, ట్యాక్స్ ఆఫీసులు. వీళ్ల దగ్గర వందల మంది జీఎస్టీ లాగిన్లు ఉంటాయి. ఫైలింగ్ చేసే సిస్టమ్‌లో విండోస్, బ్రౌజర్, లిబ్రెఆఫీస్, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పాస్‌వర్డులు బ్రౌజర్‌లో దాచకండి, కీపాస్‌లో పెట్టండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (క్లయింటు సంతకం ఉండే పెన్‌డ్రైవు లాంటిది) పని కాగానే తీసి బీరువాలో పెట్టండి. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు కూడా అది సిస్టమ్‌కే వేలాడుతూ ఉండటం నేను చాలాచోట్ల చూస్తున్నాను.

బేగంబజార్‌లో ఒకే సిస్టమ్ ఉన్న హోల్‌సేల్ కొట్టు. డబ్బు పెట్టగలిగేది ఒక్కదాని మీదే అయితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనండి. రెండో ఖర్చు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు బ్యాకప్ తీసి, డిస్క్ పీకి ఇంటికి తీసుకెళ్లండి. సిస్టమ్‌కే తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. పనివాళ్లకు అడ్మిన్ లేని యూజర్ ఖాతా ఇవ్వండి. ఈ ఒక్క మార్పుకు రూపాయి ఖర్చు లేదు, చాలా ఇన్‌స్టాలర్లు అక్కడే ఆగిపోతాయి.

మాదాపూర్‌లో చిన్న స్టార్టప్. ఇక్కడ ప్రమాదం ఇన్‌స్టాలర్ల కన్నా ప్యాకేజీల (ప్రోగ్రామర్లు తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్) దారిలో ఎక్కువ. 2025 సెప్టెంబరులో అలాంటి ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎమ్‌లో ఒక నిర్వాహకుడిని నకిలీ మెయిల్‌తో మోసం చేసి, చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లో దొంగ కోడ్ పెట్టారు. ఆ ప్యాకేజీలన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉంచే లాక్ ఫైలు లేకుండా బిల్డ్ చేయకండి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోకుండా కొన్ని రోజులు ఆగండి, అత్యవసర భద్రతా సవరణ అయితే తప్ప.

## ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఐదు నిమిషాలు

డౌన్‌లోడ్ అయిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. పేరు తయారీదారుడిదే కావాలి. సైటులో షా-256 అనే పొడవాటి సంఖ్య ఇచ్చి ఉంటే పోల్చండి, ఫైలు కొంచెం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. సెవెన్-జిప్ ఉంటే రైట్ క్లిక్ మెనూలోనే ఆ లెక్క వస్తుంది. అయితే ఒక మాట. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైటునే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును చెడ్డ ఫైలుకు తిప్పారు. సైటే చేతిలో ఉన్నవాడు సంఖ్యను కూడా మార్చగలడు. కాబట్టి వైరస్‌టోటల్ అనే సైటులో కూడా ఆ ఇన్‌స్టాలర్‌ను ఒకసారి చూడండి, డెబ్భైకి పైగా స్కానర్ల ఫలితం ఒకేచోట తెలుస్తుంది. అక్కడ ఎక్కించినవి వేరేవాళ్లకూ అందుతాయి, అందుకే క్లయింటు కాగితాలు అందులో పెట్టొద్దు.

## ఇప్పటికే వేసేశారా?

ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. వెంటనే ఫార్మాట్ కొట్టించకండి, ఏం జరిగిందో తెలిపే ఆధారం అందులోనే ఉంది. మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డులు వేరే సిస్టమ్ నుంచో ఫోన్ నుంచో మార్చండి. మెయిల్ సెట్టింగుల్లో అన్ని చోట్లా లాగ్ అవుట్ అనేది నొక్కండి. పాస్‌వర్డు మార్చినా పాత లాగిన్ కొన్నిసార్లు బతికే ఉంటుంది. క్లయింట్లకు మెయిల్ వద్దు, ఫోన్ చేసి చెప్పండి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఖాతాను ఆపగలిగితేనే తిరిగి దొరుకుతుంది. కంపెనీలైతే ఇలాంటి ఘటన గురించి తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. సిస్టమ్ శుభ్రం చేసే ఉచిత సాధనాలు సర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో దొరుకుతాయి.

హిమాయత్‌నగర్ ఆఫీసులో ఆ రోజు మధ్యాహ్నమే 1930కి చెప్పాం. క్లయింటు డబ్బులో కొంత ఆగింది, మొత్తం రాలేదు. మిగిలింది కన్సల్టెంట్ గారే తన జేబులోంచి ఇచ్చారు. ఆ కుర్రాడు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఏదైనా కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే ముందు స్క్రీన్ ఫోటో తీసి నాకు వాట్సాప్ చేస్తాడు.